మాదాంట్లోనే ‘అంట’ ఎందుకు సార్?

ఏడో తరగతి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి పీరియడు. అన్నం, సాంబారు కడుపులో పడి సగం మందికి కళ్ళు మూతలు పడే టైము. పాఠం భక్తి ఉద్యమం, సూఫీలు. కడప జిల్లాలో ఆ పాఠం చెప్పడమంటే సోషల్ సారుకి పండగే. పుస్తకంలో లేని ఉదాహరణలు బస్సెక్కితే దొరుకుతాయి. నేనూ ఆరోజు ఊపు మీదున్నాను. అన్నమయ్య 1408లో తాళ్ళపాకలో పుట్టాడు, పదహారో ఏట వెంకటేశ్వరస్వామి ప్రత్యక్షమయ్యాడు, అక్కణ్ణించి పాటలు కట్టడం మొదలుపెట్టాడు అని చెప్పాను. అదే ఊపులో కడప పెద్ద దర్గా దగ్గరికి వచ్చాను. అక్కడ మొక్కుకుంటే కోరికలు తీరతాయంట, అందుకే అన్ని మతాలవాళ్ళూ వస్తుంటారంట అన్నాను.

మూడో బెంచీలో ఒక పాప లేచింది. మామూలుగా నోరు తెరిచే పిల్ల కాదు.

“సార్, అన్నమయ్యకి దేవుడు కనపడినాడు అన్నారు. మాదాంట్లోనే ‘అంట’ ఎందుకు సార్?”

నిద్రపోయేవాళ్ళు కూడా లేచి కూర్చున్నారు. సారు దొరికిపోయాడని పిల్లలకి ఎట్లా తెలుస్తుందో గానీ, తెలిసిపోతుంది. “అలవాటమ్మా, కూచో” అన్నాను. ఆ పిల్ల కూర్చుంది. నా పాఠం మాత్రం అక్కడే ఆగిపోయింది.

సాయంత్రం బండి మీద ఇంటికి పోతూ ఆ మాటనే నెమరేసుకున్నాను. మన భాషలో అదొక చిన్న ముక్క. కళ్ళతో చూడనిదాన్ని, ఎవరో చెప్పగా విన్నదాన్ని చెప్పేటప్పుడు చివర తగిలిస్తాం. ‘రేపు బంద్ అంట’, ‘వాళ్ళమ్మాయికి సంబంధం కుదిరిందంట’. నిజమైతే సరే, కాకపోతే నా పూచీ లేదు అని దానర్థం. కాస్త సాగదీసి పలికితే వెటకారం కూడా అవుతుంది. అన్నమయ్యకు స్వామి ప్రత్యక్షమవడాన్ని నేనేమైనా కళ్ళారా చూశానా? లేదు. మా అవ్వ చెప్పగా విన్నదే. కానీ అది విన్న కథ అని నాకెప్పుడూ అనిపించలేదు. దర్గా సంగతి మాత్రం విన్నట్టు అనిపించింది. తేడా ఆ రెండు కథల్లో లేదు, నేను పెరిగిన ఇంట్లో ఉంది.

మరుసటి రోజు ఆ రెండు ముక్కలూ మళ్ళీ చెప్పాను. అన్నమయ్యకి పదహారేళ్ళప్పుడు స్వామి ప్రత్యక్షమైనట్టు తాళ్ళపాకవారి రాగిరేకు మీద చెక్కి ఉంది, భక్తులు అది జరిగిందని నమ్ముతారు. పెద్ద దర్గాకి వచ్చేవాళ్ళు అక్కడి పీర్ల దీవెన ఉంటే మేలు జరుగుతుందని నమ్ముతారు. రెండు వాక్యాలకీ ఒకటే తోక. ఆ పాప ఏమీ అనలేదు, నోట్సులో రాసుకుంది.

సర్కారు బడిలో మతాల గురించి నిష్పక్షపాతంగా చెప్పొచ్చా, చెప్పకూడదా అని పెద్దపెద్ద సభల్లో జరిగే వాదన నాకు తెలిసినంతలో ఇట్లాంటి చోటే తేలుతుంది. వాక్యం చివర ఏ క్రియ పెడుతున్నాం, మొదట్లో ‘మనం’ అంటున్నామా ‘వాళ్ళు’ అంటున్నామా అన్న దగ్గర. చెప్పాలనే నేనంటాను. చెప్పకుండా ఉండటం వీలు కాదు కూడా. ఎందుకో చెప్తాను.

స్టాఫ్ రూములో ఈ సంగతి ఎత్తితే మొదట వచ్చే మాట ఒకటే: “మనకెందుకు సార్ ఆ తలనొప్పి? రాజ్యాంగంలోనే వద్దన్నారు కదా.” రాజ్యాంగంలో ఉన్న మాట వేరు. 28వ అధికరణంలో మొదటి క్లాజు ప్రకారం, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మత బోధ చేయకూడదు. మత బోధ అంటే ఇది నమ్ము, ఇట్లా మొక్కు, ఇదే సత్యం అని చెప్పడం. ఫలానా మతం వాళ్ళు ఏం నమ్ముతారు, ఎందుకు నమ్ముతారు, ఆ నమ్మకంతో చరిత్రలో ఏమేం జరిగింది అని చెప్పడం దాని కిందికి రాదు. 1964-66లో దేశంలో చదువుల మీద పనిచేసిన కొఠారీ కమిషన్ ఈ రెంటినీ విడదీసి, రెండోది బడుల్లో ఉండాల్సిందేనంది. 2002లో జాతీయ పాఠ్యప్రణాళిక మీద వేసిన అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా మతాల గురించి చదువుకోవడాన్ని 28వ అధికరణం అడ్డుకోదంది. రెంటికీ మధ్య గీత చాలా సన్ననిదని, జాగ్రత్తగా ఉండాలని కూడా ఆ తీర్పులోనే ఉంది. బడికీ చర్చికీ మధ్య గోడ గురించి పట్టుదలగా ఉండే అమెరికాలో కూడా, 1963లో అక్కడి సుప్రీంకోర్టు సర్కారు బడుల్లో రోజూ బైబిల్ చదివించడాన్ని కొట్టేస్తూనే, బైబిల్ని గానీ మతాల్ని గానీ చదువులో భాగంగా చదువుకుంటే తప్పులేదంది. మన దగ్గర తెలుగులో రెండూ ‘బోధనే’ కావడంతో గందరగోళం వస్తుంది. మాట ఒకటే అయినంత మాత్రాన పని ఒకటే కాదు.

నోరు మూసుకుని కూర్చుంటే ఏమవుతుందో నా కథే చెప్తాను. మాది పెన్న పక్కన ఒక ఊరు. పీర్ల పండగ వస్తే మా అవ్వ తలకి పోసుకుని, చక్కెర, ఊదుబత్తులు తీసుకుని పీర్ల సావిడికి పోయేది. మేము గుండం చుట్టూ ఎగిరేవాళ్ళం. పెద్దవాళ్ళు ఏం అరిస్తే మేమూ అదే అరిచేవాళ్ళం. చక్కెర చదివించి ఇస్తే చేతులు నాక్కుంటూ ఇంటికి వచ్చేవాళ్ళం. పీరు అంటే మా ఊరి దేవుడు, అంతే. బీఈడీలో నా రూమ్మేటు నంద్యాల వైపు ముస్లిం. మొహర్రం సెలవు రోజు పొద్దున్నే నేను హుషారుగా “పండగ కదా, ఏం చేస్తున్నారు ఇంట్లో?” అంటే, అతను నా ముఖం అదోలా చూసి, ప్రవక్త మనవడు హుసేన్ 680లో కర్బలా మైదానంలో ఎట్లా చంపబడ్డారో చెప్పాడు. అది శోకదినం. ఇరవై రెండేళ్ళు ఆ గుండం చుట్టూ ఎగిరినవాణ్ణి, అది చితి లాంటి జ్ఞాపకమని నాకు ఒక్క టీచరూ చెప్పలేదు. ఇంకో సంగతి కూడా అతనే చెప్పాడు. వాళ్ళింట్లో అసలు పీర్లని ఎత్తరు, అది దీన్‌లో (మతంలో) లేదని వాళ్ళ నాన్న ఒప్పుకోడు. అంటే ‘ముస్లింలు పీర్ల పండగ చేస్తారు’ అన్న వాక్యం కూడా తప్పే. కొందరు చేస్తారు, కొందరు చేయరు, మా అవ్వలాంటి హిందువులు చాలామంది చేస్తారు. అనంతపురం వైపు గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గరికి వెళ్ళి చూస్తే తెలుస్తుంది. ఆ వైపు హిందూ ఇళ్ళలో కుళ్ళాయప్ప, హుసేనప్ప లాంటి పేర్లు రిజిస్టర్లో ఎన్ని రాశానో.

ఇంత కలిసి బతికి, ఒకరి గురించి ఒకరికి ఇంత తక్కువ తెలియడం విచిత్రమే. ప్రతి ఏడూ మా టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ‘గుడ్ ఫ్రైడే శుభాకాంక్షలు’ అని పూల బొమ్మలతో పడుతుంది. పెట్టేవాళ్ళంతా పీజీలు చేసినవాళ్ళే. క్రైస్తవులు యేసు సిలువ మరణాన్ని తలుచుకునే రోజది. చదువుకున్న మనమే ఇట్లా ఉంటే పిల్లల సంగతి చెప్పేదేముంది. బడి చెప్పని పాఠం ఫోను చెప్తుంది, అదీ ఒక సైడు నుంచే, రాత్రి పదకొండు గంటలకి, దుప్పటి కింద. దానికి సిలబస్ లేదు, తప్పు రాస్తే దిద్దేవాడు లేడు.

రెండో రకం సార్లున్నారు. “చెప్పాల్సిందే సార్, మన సంస్కృతి మన పిల్లలకి తెలియొద్దా?” అంటారు. వాళ్ళతో నాకు వచ్చే పేచీ ఆ ‘మన’ దగ్గరే. తెలుగులో ‘మనం’ ఉంది, ‘మేము’ ఉంది. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ‘మనం సంక్రాంతికి ముగ్గులేస్తాం కదా, రంజానుకి వాళ్ళు ఉపవాసం ఉంటారు’ అని టీచరు అన్నాడనుకోండి. నలభై మంది ఉన్న క్లాసులో పదిమంది ఒక్క వాక్యంతో గది బయటికి పోయినట్టే. ఒళ్ళు మాత్రం బెంచీ మీదే ఉంటుంది. నేను ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. ఇప్పుడు ఒక చిన్న కట్టడి పెట్టుకున్నాను. పండగల గురించి మాట్లాడేటప్పుడు ‘మన’ అనేది మన ఊరికి, మన జిల్లాకి, మన దేశానికి మాత్రమే. మతానికి దాన్ని వాడను. తొందరలో నోరు జారుతుంటుంది. పిల్లలే పట్టుకుని నవ్వుతారు.

ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది. అందరికీ ఒకే తోక అన్నాను కదా, గౌరవ వాచకాల దగ్గర ఆ లెక్క కుదరదు. రాముడొచ్చాడు, కృష్ణుడు వెన్న తిన్నాడు అంటాం. దేవుణ్ణి నువ్వు అని పిలిచి, అలిగి, తిట్టి పాటలు కట్టిన సంప్రదాయం మనది. అది చనువు. అదే చనువుతో ‘మహమ్మద్ చెప్పాడు’ అంటే ముస్లిం పిల్లలకి చెంపదెబ్బలా తగులుతుంది. ‘ప్రవక్త చెప్పారు’ అనాలి. క్రైస్తవుల్లో ‘యేసు ప్రభువు వచ్చాడు’ అని చనువుగా అనేవాళ్ళూ ఉన్నారు, ‘వచ్చారు’ అనేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి జరిగిందా లేదా అన్న పూచీ అందరికీ ఒకేలా ఉండాలి, మర్యాద మాత్రం ఆయా ఇళ్ళల్లో ఎట్లా ఉందో అట్లా ఉండాలి. ఇది నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. నేను చదివిన బీఈడీలో దీని మీద ఒక్క క్లాసు కూడా లేదు.

సంస్కృతి అనేవాళ్ళు సరస్వతీ పూజ సంగతి తెస్తారు. బడి అంటేనే సరస్వతి కదా అని. నేను కాదనను, దాన్ని పాఠంగానే చెప్తాను. 1823లో బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ అప్పటి వీధిబడుల గురించి మద్రాసుకి ఒక రిపోర్టు పంపాడు. ఇప్పటి అనంతపురం అప్పుడు బళ్ళారి కిందే ఉండేది. పొద్దున అందరికంటే ముందు బడికొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారని, రెండోవాడి చేతిలో సున్న చుడతారని, మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అట్లా పెరుగుతూ పోతాయని ఉంది అందులో. ఈ ముక్క చెప్తే పిల్లలు పడిపడి నవ్వుతారు. ఆలస్యంగా వచ్చేవాడి వైపు అందరూ తిరిగి చూస్తారు. ఆ బడుల్లోకి ఏ కులాల పిల్లలు రాగలిగేవాళ్ళు, ఎవరు గుమ్మం దాకా కూడా రాలేకపోయేవాళ్ళు అన్నది కూడా అదే పీరియడులో మాట్లాడుకుంటాం. అది చరిత్ర. జిల్లా పరిషత్ హైస్కూల్లో అందరు పిల్లల్నీ వరసలో నిలబెట్టి హారతి కళ్ళకద్దుకోమనడం మాత్రం చరిత్ర కాదు. ఒక బడిలో పనిచేసేటప్పుడు నేనూ ఆ వరస పక్కన నిలబడ్డాను, నోరెత్తలేదు. ఆరో తరగతి పిల్లవాడొకడు చెయ్యి జేబులో పెట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. వెనక నుంచి ఎవరో వాడి నెత్తిన మొట్టారు. వాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది, పేరు గుర్తులేదు.

కేరళలో యెహోవాసాక్షులనే క్రైస్తవ శాఖకి చెందిన ఇంటి పిల్లలు ముగ్గురు జాతీయగీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవాళ్ళు కానీ పాడేవాళ్ళు కాదు. బడి నుంచి పంపేశారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్ళని తిరిగి చేర్చుకోమంది. జాతీయగీతానికే అంత వెసులుబాటు ఉన్నప్పుడు హారతికి మొట్టికాయా?

అట్లాగని మతసామరస్యం పేరుతో అంతా తియ్యటి కథలే చెప్పడం కూడా నాకు పడదు. కడపలో ఆ కథలకు కొదవ లేదు. ఉగాది రోజు దేవుని కడప గుళ్ళో ముస్లింలు బారులు తీరతారు. బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ, వెంకటేశ్వరుడు మా అల్లుడు అంటారు. బ్రహ్మంగారి శిష్యుడు దూదేకుల సిద్దయ్య. ఇవి చెప్పాలి, గర్వంగానే చెప్పాలి. కానీ ఏళ్ళ తరబడి ఇవే చెప్తే పిల్లలకి పండగ ఫొటో మిగులుతుంది గానీ విషయం తెలియదు. ఉగాదికి ముస్లింలు గుడికొస్తారని తెలిసిన పిల్లవాడికి, నమాజు రోజుకి ఎన్నిసార్లో తెలియదు. పైగా ఏదో ఒకరోజు గండికోటకి టూరు పోతాం. అక్కడ తియ్యటి కథలు చాలవు.

మేమూ పోయాం. జమ్మలమడుగు మీదుగా, రెండు బస్సుల్లో. కోటలో మాధవరాయస్వామి గుడి ఉంది. గోపురం, మంటపాలు, చెక్కడాలు అన్నీ ఉన్నాయి, గర్భగుళ్ళో విగ్రహం లేదు. కాస్త దూరంలో జామియా మసీదు, పక్కన ధాన్యాగారం. తొమ్మిదో తరగతి పిల్లవాడు గర్భగుడి చీకట్లోకి సెల్‌ఫోన్ లైటు వేసి చూసి బయటికొచ్చి, “దేవుడు యాడ సార్?” అన్నాడు. ఇంకొకడు జవాబు చెప్పేశాడు: “వాళ్ళు పగలగొట్టినారు లేరా.” వాళ్ళు అంటూ వాడి చూపు ఎటు పోయిందో నేను చూశాను. పంచరు షాపు ఆయన కొడుకు అక్కడే, మంటపం మెట్ల మీద, పులిహోర పొట్లం విప్పుతున్నాడు.

ఇట్లాంటప్పుడు ‘అవన్నీ ఎందుకురా, అందరం అన్నదమ్ములం’ అనడం సులువు. అప్పుడు పిల్లవాడికి అర్థమయ్యేది ఒక్కటే, సారు ఏదో దాస్తున్నాడని. అందరినీ మంటపంలో కూర్చోబెట్టి తెలిసింది తెలిసినట్టు చెప్పాను. ఈ కోట పెమ్మసాని నాయకులది. 1650 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. 1652లో ఇక్కడికి తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి వచ్చాడు. మీర్ జుమ్లా గుళ్ళలోని రాగి విగ్రహాలు పోగుచేయించి, కరిగించి ఫిరంగులు పోయించే పనిలో ఉన్నాడని అతను రాసిపెట్టాడు. దాచేదేం లేదు, జరిగింది. ఎవరు చేశారు? మీర్ జుమ్లా. ఎవరాయన? పర్షియా నుంచి వచ్చి వజ్రాల వ్యాపారంలో సంపాదించి సేనాని అయినవాడు. కొన్నేళ్ళకే తన యజమానితో చెడి మొగలుల పక్క చేరాడు. ఆ గొడవనే సాకు చేసుకుని 1656లో ఔరంగజేబు గోల్కొండ మీదికి దండెత్తాడు. గోల్కొండ సుల్తానూ ముస్లిమే, ఔరంగజేబూ ముస్లిమే, మీర్ జుమ్లా కూడా. ఆ సేనాని చేసినదానికి ‘వాళ్ళు’ అనే మాట వాడితే, అందులోకి జమ్మలమడుగులో పంచర్లు వేసే ఆయన కూడా వచ్చి పడతాడు. ఆయన ఏ విగ్రహం కరిగించాడు?

‘దేవుడు యాడ’ అని అడిగినవాడికి మాత్రం బాధ పోలేదు. పోవాలని నేనూ అనుకోలేదు. గుడి ఖాళీగా ఉంటే మొక్కుకునేవాడికి బాధ కలుగుతుంది. మసీదుకి ఏమైనా అయితే ఇంకొకడికి కలుగుతుంది. బాధపడకూడదని చెప్పడం నా పని కాదు. ఆ బాధని తీసుకెళ్ళి పక్కనున్నవాడి మీద వెయ్యకుండా చూడటం వరకే నా పని.

వచ్చేటప్పుడు బస్సులో పంచరు షాపు ఆయన కొడుకు డ్రైవరు పక్కన కూర్చుని హారన్ కొట్టనివ్వమని బతిమాలుతున్నాడు. వాడికి ఆ మాట వినబడిందో లేదో నాకు తెలియలేదు. అడగలేదు కూడా.

ఆ ఏడే ఒంటిమిట్టకి కూడా తీసుకెళ్ళాను. నోట్సులో పేజీని మూడు గడులు చేయించాను: చూసింది, విన్నది, నమ్మేది. గుడి ముందు ఇమాంబేగ్ బావి ఉంది. నవాబు ప్రతినిధి ఇమాంబేగ్ అక్కడికొచ్చి, పిలిస్తే మీ రాముడు పలుకుతాడా అని అడిగి, తానే మూడుసార్లు పిలిస్తే లోపలి నుంచి ‘ఓ’ అని జవాబు వచ్చిందని, అప్పుడాయన ఈ బావి తవ్వించాడని చెప్తారు. పిల్లలు బావిని మొదటి గడిలో, కథని రెండో గడిలో, రాముడు పలికాడన్నది మూడో గడిలో రాశారు. ఒకడు మాత్రం ‘రాముడు ఓ అన్నాడు’ అని మొదటి గడిలో రాసేశాడు. పక్కవాడు కొట్టేయమన్నాడు, వీడు కొట్టేయనన్నాడు. చివరికి నా దగ్గరికి వచ్చి, “సార్, మూడో గడంటే అబద్ధం గడా?” అన్నాడు. మంచి ప్రశ్న. కాదురా, అది చూసి తేల్చలేని గడి అన్నాను. ఇంట్లో మీ అమ్మకి అదే మొదటి గడి కావచ్చు, దాని మీద నేను ఎర్ర పెన్ను పెట్టను, పరీక్షలో మాత్రం ఏది ఎక్కడ రాయాలో తెలియాలి అన్నాను. వాడు పూర్తిగా ఒప్పుకోలేదు. రెండు గడుల మీదా పడేలా పొడుగ్గా రాసుకున్నాడు.

గొడవలు రావా అంటే వచ్చాయి. ఒక తండ్రి పొలం నుంచి నేరుగా, కాళ్ళకి బురదతోనే బడికొచ్చాడు. “సారూ, మా వానికి ఏసు కథలు చెప్తాండారంట?” ఆ ‘అంట’ విని నాకు లోపల నవ్వొచ్చింది. కుర్చీ వేసి, నోట్సు తెప్పించి చేతికిచ్చాను. ఆయన ఏడో తరగతి దాకా చదివాడు. వేలు పెట్టి చదివాడు: ‘యేసు మూడో రోజు తిరిగి లేచారని క్రైస్తవులు నమ్ముతారు’. తర్వాతి పేజీలో ఖురాన్ గురించి, ఇంకో పేజీలో బుద్ధుడు, జైనులు, పెన్న ఒడ్డున దానవులపాడులో బయటపడ్డ జైన బసది. వేమన దేవుడి పేరు మీద చేసే తంతుల్ని ఎట్లా ఎగతాళి చేశాడో ఒక పేజీ. అన్నీ తిప్పి చూసి, “ఇదంతా పరీక్షల్లో వస్తాదా సార్?” అన్నాడు. వస్తుందన్నాను. “అయితే సరే” అని లేచాడు. నలభై ఏళ్ళ సెక్యులరిజం చర్చ ఒక్క మార్కుల మాటతో తేలిపోయింది.

మీరు మంచివాళ్ళు కాబట్టి సరిపోయింది, పక్షపాతం ఉన్న టీచరు చేతికి ఈ పాఠం ఇస్తే ఏమవుతుంది అని ఒక స్నేహితుడు అడిగాడు. గట్టి ప్రశ్నే. కానీ నేను మంచివాణ్ణనుకుంటూ ఉండగానే కదా ‘అంట’ అన్నది. పాఠం లేనప్పుడు కూడా పక్షపాతం క్లాసులోకి వస్తూనే ఉంటుంది. నవ్వులో వస్తుంది, సామెతలో వస్తుంది, ప్రార్థనలో వస్తుంది. అప్పుడు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పాఠమంటూ ఒకటి రాసి ఉంటే, ఆ తండ్రిలాగా ఎవరైనా నోట్సు తెరిచి వేలు పెట్టి అడగొచ్చు.

ఒక్క పని మాత్రం ఎప్పుడూ చెయ్యను. ‘నువ్వు ఫలానా కదా, లేచి మీవాళ్ళ గురించి చెప్పు’ అని ఏ పిల్లనీ లేపను. మొత్తం మతానికి పన్నెండేళ్ళ పిల్ల జవాబుదారీ కాదు. పైగా మా వైపు ఆ ప్రశ్న ఊరికే పోదు. అడ్మిషన్ రిజిస్టర్లో మతం గడి ఉంటుంది. ఆదివారం చర్చికి పోయే ఎస్సీ పిల్లలు ఎంతోమంది అందులో హిందువులే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండింది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకి లేదు. క్లాసులో అందరి ముందు ‘మీది ఏ మతం’ అని అడిగితే, ఆ పిల్ల ఇంట్లో అమ్మ చెప్పి పంపిన జాగ్రత్త అంతా గొంతులో అడ్డం పడుతుంది. స్కాలర్‌షిప్ దాకా పోయే ప్రశ్న అది. అడగడం మనకి ఒక నిమిషం పని.

మరి నన్ను అడిగితే? ప్రతి బ్యాచిలో ఒకడుంటాడు. “సార్, మీరు దేవుణ్ణి నమ్ముతారా?” నా జవాబు ఎప్పుడూ ఒకటే: పదో తరగతి పాసై వచ్చి అడుగు, టీ తాగిస్తూ చెప్తా. ఇప్పటిదాకా ముగ్గురొచ్చారు. ముగ్గురూ టీ తాగారు, ఉద్యోగాల గురించి మాట్లాడారు, ఆ ప్రశ్న మర్చిపోయారు. నేనూ గుర్తు చెయ్యలేదు.

ఈసారి రంజాను నెలలో మా ఉర్దూ సారు సాయంత్రం గంట ముందే బయల్దేరుతుంటే ఆరో తరగతి పిల్లలు ఎందుకని అడిగారు. ప్రభుత్వం ఇచ్చే వెసులుబాటు అది అని చెప్పి, పాఠం పక్కన పెట్టి ఉపవాసం గురించి మొదలుపెట్టాను. తెల్లవారకముందు సహరీ, పొద్దుగూకాక ఇఫ్తార్, మధ్యలో మంచినీళ్ళు కూడా ముట్టకూడదని ముస్లింలు పాటిస్తారు, జబ్బుపడ్డవాళ్ళకి, ప్రయాణంలో ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంటుంది. ఏకాదశి ఉపవాసం ఎట్లా ఉంటుంది, ఈస్టరుకి ముందు నలభై రోజులు కొందరు క్రైస్తవులు ఏం మానేస్తారు అనేది కూడా వచ్చింది. ఒకడికి ఇవేవీ పట్టలేదు. చెయ్యెత్తి నిలబడ్డాడు.

“సార్, ఉమ్మి మింగొచ్చునా?”

క్లాసు గొల్లుమంది. నాకు నిజంగా జవాబు తెలియదు, ఆ మాటే చెప్పాను. కిటికీ పక్కన కూర్చున్న పిల్ల, నేను లేపకుండానే, ఎవరూ అడగకుండానే చెయ్యెత్తింది. “మింగొచ్చు సార్. మా నానీ చెప్పింది. కావాలని నోట్లో పోగేసుకుని మింగకూడదు, అంతే.”

“పోగేసుకోవడం అంటే ఎంత?” అన్నాడు వాడు. ఆ పిల్ల బొటనవేలు, చూపుడువేలు కలిపి కొలత చూపించింది. వాడు నమ్మలేదు. వెనక బెంచీల్లో అప్పటికే ఇద్దరు ముగ్గురు నోళ్ళు మూసుకుని, బుగ్గలు ఉబ్బించి, ఎంతసేపు మింగకుండా ఉండగలమో పందెం వేసుకుంటున్నారు.